ఋష్యశృంగుని చదువు: సంయమబోధకు గల హద్దులు

మన వాఙ్మయమునందు ఇంద్రియనిగ్రహమునకు గల గౌరవము మిక్కిలి పెద్దది. ఇతిహాసములు, పురాణములు, శతకములు దానిని వేనోళ్ళ కొనియాడినవి. ఆ గౌరవమును తగ్గించుట ఈ వ్యాసమునకు ఉద్దేశ్యము కాదు. అయితే నిగ్రహమును కొనియాడుట వేఱు. నిగ్రహ మొక్కటే బోధించి తక్కిన దానినెల్ల మూసిపెట్టుట వేఱు. బడులలో కౌమారవయస్కులకు దేహధర్మములను గూర్చి ఏమి చెప్పవలెనను ప్రశ్న వచ్చినపుడెల్ల, వివాహమునకు పూర్వము వలదను ఒక్క వాక్యము చాలునని వాదించువారు కలరు. మన సంస్కృతియు, మన కావ్యములును తమకు సాక్ష్యమని వారు తలంతురు. కావ్యములు నిజముగా అట్టి సాక్ష్యము చెప్పుచున్నవా? చెప్పినను కడప మండలమునందలి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల జీవితమునకు ఆ వాక్యము చాలునా? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ పరిశీలింప దలచితిమి.

ఇది వైద్యులును, శాసనకర్తలును తేల్చుకొనవలసిన విషయము కదా, తెలుగు శాఖవారి కిందు పని యేమి యని అడుగవచ్చును. పని కలదు. ప్రత్యుత్పత్తిని గూర్చిన పాఠమును ఇంటివద్ద చదువుకొనుడని దాటవేయు అలవాటు శాస్త్రోపాధ్యాయులలో ఎట్లున్నదో, శృంగారపద్యమువద్ద తాత్పర్యము చెప్పక పుట త్రిప్పు అలవాటు తెలుగు ఉపాధ్యాయులలో అట్లే ఉన్నది. ఈ రెండు మౌనములును ఒకే జాతివి. ఇది పెద్దలతో మాటాడరాని విషయమను పాఠమే ఆ రెండింటినుండియు పిల్లలకు అందుచున్నది.

వాదస్వరూపము

2005లో కేంద్ర మానవవనరుల అభివృద్ధి మంత్రిత్వశాఖయు, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయు కలిసి కౌమారవిద్యా కార్యక్రమమును ఆరంభించినవి. 2007లో కర్ణాటక, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ మొదలైన రాష్ట్రములలో దానికి తీవ్రమైన ప్రతిఘటన వచ్చెను. విషయము రాజ్యసభవారి అర్జీల సంఘమునకు చేరెను. శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన ఆ సంఘము 2009లో తన నివేదికను సమర్పించెను. పాఠశాలలలో లైంగికవిద్య ఉండరాదనియు, వివాహమునకు పూర్వము లైంగికసంబంధము కూడదను సందేశమును పిల్లలకు అందింపవలెననియు ఆ నివేదిక సారాంశము. సంయమబోధ యొక్కటే చాలునను సిద్ధాంతమునకు మన దేశములో ఇంతకంటె స్పష్టమైన రూపము లేదు.

ఈ వాదము వెనుక నున్న ఆందోళనను తేలికగా త్రోసివేయరాదు. బిడ్డను పొరుగూరి బడికి పంపు తల్లి భయము నిజమైనది. పాఠ్యపుస్తకములోని చిత్రమును చూచి తడబడు ఉపాధ్యాయుని సంకోచమును నిజమైనదే. వాదమును వాదముగా చూచినచో దానికి మూడు ఆధారములు కనబడుచున్నవి. తెలియనివానికి కోరిక కలుగదనుట మొదటిది. భయము నిగ్రహమును నిలుపుననుట రెండవది. వివాహము అన్ని ప్రమాదములకును కట్ట యనుట మూడవది. ఈ మూడింటిని వరుసగా పరీక్షింతము.

ఋష్యశృంగోపాఖ్యానము

మొదటి రెండు ఆధారములను పరీక్షించుటకు మన భాషలో నన్నయ అరణ్యపర్వమునందలి ఋష్యశృంగుని కథకంటె తగినది లేదు. విభాండకముని తన కుమారుని అడవిలో, తండ్రిని తప్ప అన్యమానవుని చూడని రీతిని పెంచెను. ఆ బాలునికి వేదము తెలియును, అగ్నికార్యము తెలియును, అతిథిపూజ తెలియును. స్త్రీ యను జాతి యొకటి యున్నదని మాత్రము తెలియదు. సంయమబోధను ఇంతకంటె పరిపూర్ణముగా అమలుపఱచిన తండ్రి ఏ వాఙ్మయమునందును కనబడడు.

ఫలిత మేమి? అంగరాజ్యమున అనావృష్టి వచ్చినపుడు లోమపాదుడు పంపిన వారకాంత ఆశ్రమమునకు వచ్చెను. ఋష్యశృంగుడు ఆమెను వేఱొక మునికుమారుడని భావించి అర్ఘ్యపాద్యము లిచ్చెను. ఆమె వెడలిపోయిన పిదప అతనికి మనస్సు నిలువలేదు. తండ్రి వచ్చి అడుగగా ఉన్నది ఉన్నట్లు చెప్పెను. కాని అతనియొద్ద ఉన్న మాటలన్నియు తపోవనపు మాటలే. ఆమె కేశములకు జటలను మాటయు, ఆమె భూషణములకు మునుల ఉపకరణముల మాటయు వాడవలసివచ్చెను. కథలోని హాస్యమంతయు ఇచ్చటనే పుట్టినది. పాఠకునికి తెలిసినది నాయకునికి తెలియదు. అయితే ఆ హాస్యమునకు గుఱి యైనవాడు కుమారుడు కాడు, తండ్రి. ఒక్క పేరును చెప్పకుండుటచే ఒక వస్తువునే లోకమునుండి తొలగింపగలనని నమ్మినవాడు ఆ తండ్రి.

ఇక రెండవ ఆధారము. కుమారుని మాటలు విన్న పిదపనైనను విభాండకుడు సత్యము చెప్పలేదు. తపస్సును చెఱుపుటకు రాక్షసులు అట్టి వేషములలో తిరుగుదురని బెదరించి, తాను ఆ రాక్షసులను వెదుక బోయెను. అతడు లేని సమయమున ఆమె మరల వచ్చెను. ఈ మాఱు కుమారుడు తానై ఆమె వెంట నడచెను. అజ్ఞానము మొదట విఫలమైనది. భయము పిదప విఫలమైనది. భయపెట్టిన బోధ ఫలింపకపోవుట మాత్రమే కాదు, అది తండ్రికొడుకుల నడుమ సంభాషణను కూడ తెంచినది. మొదటిసారి జరిగినదంతయు తండ్రికి చెప్పిన కుమారుడు రెండవసారి చెప్పకయే వెడలిపోయెను. బోధశాస్త్రమునకు ఈ కథ ఇచ్చు పాఠములలో మేము దీనినే ముఖ్యమైనదిగా ఎంచుచున్నాము.

కావ్యమునందు ఈ కథ వర్షముతోను, శాంతావివాహముతోను మంగళాంతమైనది. జీవితమునందు ఋష్యశృంగుని స్థానమున పదునాలుగేండ్ల బాలిక యుండి, ఆమెను సమీపించినవాడు ఇరుగుపొరుగువాడో, బంధువో యైనపుడు అంతము అట్లుండదు. జరిగినదానికి పేరు తెలియని బిడ్డ జరిగినదానిని చెప్పజాలదు. 2012లో వచ్చిన పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు వారికి రక్షణ యిచ్చుచున్నది. కాని ఆ చట్టమంతయు బిడ్డ చెప్పు మాటపై నిలిచియున్నది. మాటలే నేర్పని చదువు ఆ చట్టమునకు పునాది లేకుండ చేయుచున్నది.

ప్రవరుడు, వరూధిని

నిగ్రహమునకు ఉదాహరణముగా మన తరగతులలో మొదట స్మరింపబడువాడు ప్రవరుడు. మనుచరిత్రకర్తయైన పెద్దనకు రాయలు కోకట మొదలైన అగ్రహారముల నిచ్చెనని ప్రసిద్ధి. ఆ కోకటము కమలాపుర ప్రాంతమునందలిది. ప్రొద్దుటూరునకును, పులివెందులకును పొరుగు. కావున ప్రవరుడు ఈ సీమవారికి ఇంటివానివంటివాడే.

కాని ప్రవరుని నిగ్రహము సంయమబోధకులు కోరు నిగ్రహము కాదు. అతడు బ్రహ్మచారి కాడు, గృహస్థుడు. వరూధిని కోరునదేమో అతనికి పూర్తిగా తెలియును, తెలిసియే నిరాకరించెను. ఋష్యశృంగునికి ఎఱుక లేదు, నిగ్రహము నిలువలేదు. ప్రవరునికి ఎఱుక కలదు, నిగ్రహము నిలిచినది. ఈ రెండు పాత్రలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, నిగ్రహము ఎఱుకకు ఫలమే కాని ఎఱుక లేమికి ఫలము కాదని మన కావ్యపరంపరయే చెప్పుచున్నదని గ్రహింపవచ్చును.

ఇంకొక విషయము కలదు. ప్రవరుడు ఇల్లు చేరుటతో పాఠము ముగిసినదని తరగతిలో తలంతుము. కథ ముగియలేదు. వరూధిని పూర్వము తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుని రూపమున వచ్చి, సమాగమవేళ కన్నులు మూసికొనవలెనని నిబంధన పెట్టెను. ఆమె అంగీకరించి మోసపోయెను. ప్రవరుని నిగ్రహము ప్రవరుని కాపాడినది, వరూధినిని కాపాడలేదు. ఆమెకు కావలసియుండినది పరుల నిగ్రహము కాదు, తన కన్నులు తెఱచియుంచుకొను హక్కు. నిబంధన పెట్టువానిని ప్రశ్నించుట, వలదని చెప్పుట, తెలిసి అంగీకరించుట అనునవి సంయమబోధలో లేని పాఠములు. అన్నిటికిని వలదనుటయే నేర్చిన బాలికకు, దేనికి ఔననవలెనో, ఏ షరతుపై అనవలెనో నేర్పినవా రెవరు?

వివాహమను కట్ట

పులివెందుల ప్రాంతమున పైడిపాలెములో జన్మించిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (1922–1988) సాహిత్యమును జీవితమను గీటురాయిపై పరీక్షింపవలెనని వాదించినవాడు. ఆ మార్గముననే మూడవ ఆధారమును జీవితముతో పోల్చి చూతము.

వివాహమువఱకు ఆగుమను బోధ, వివాహము ఆలస్యముగా, ఇష్టపూర్వకముగా జరుగు సమాజమునందు కొంత అర్థవంతము కావచ్చును. మన రాష్ట్రపు స్థితి వేఱు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణము ననుసరించి, ఆంధ్రప్రదేశ్‌లో ఇరువది నుండి ఇరువదినాలుగేండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహము జరిగినది. పదునైదు నుండి పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో ఐయుండిరి. 2006లో వచ్చిన బాల్యవివాహ నిషేధచట్టము ఉండగనే ఇది జరుగుచున్నది.

ఈ అంకెల అర్థమును నిదానించి చూడవలెను. పదవతరగతి ముగియకమునుపే పెండ్లియైన బాలిక సంయమబోధను అక్షరాల పాటించినది. ఆమె తప్పేమియు చేయలేదు. ఆ బోధ ఆమెకు ఏమిచ్చినది? కాన్పుల నడుమ ఎడమును గూర్చి, గర్భనిరోధకసాధనములను గూర్చి, వ్యాధులను గూర్చి, ఇష్టములేనిదానిని కాదనుటను గూర్చి ఒక్క మాటయు ఇయ్యలేదు. వివాహమునకు ముందు ఆమెకు అది అవసరము లేదనిరి. వివాహమైన పిదప ఆమె బడిలో లేదు. అట్లు ఆ పాఠము ఏ దినముననైనను చెప్పుటకు వీలులేనిదైనది. బోధను ఉల్లంఘించినవారికి దానివలన మేలు లేదని విమర్శకులు తఱచు చెప్పుదురు. దానిని శిరసావహించిన బాలికకే అది అన్నిటికంటె ఎక్కువ అన్యాయము చేయుచున్నదని మా వాదము.

చట్టముకూడ ఈ విషయమును గుర్తించినది. పదునెనిమిదేండ్లు నిండని భార్యతో సంగమము అత్యాచారమే యని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తీర్పు చెప్పినది. అనగా వివాహము దానంతట అది రక్షణకవచము కాదని న్యాయస్థానమే ఒప్పుకొన్నది. ఆ తీర్పు పేరైనను ఎఱుగని బాలిక దానిని ఎట్లు వాడుకొనగలదు?

వ్యాధి విషయమున ఇది మఱింత స్పష్టము. 2021 అంచనాల ప్రకారము హెచ్.ఐ.వి.తో జీవించువారి సంఖ్యలో మహారాష్ట్ర తరువాతి స్థానము ఆంధ్రప్రదేశ్‌ది. భర్తను తప్ప అన్యుని ఎఱుగని గృహిణులకు భర్తద్వారా ఈ వ్యాధి సోకుట వైద్యులకు సుపరిచితమైన విషయము. కఱవుసీమయైన కడపజిల్లానుండి బ్రతుకుతెఱువునకై కువైట్ మొదలైన గల్ఫ్ దేశములకు పోవువారు అనేకులు. ఏండ్ల తరబడి దంపతులు ఎడబాసియుండు ఇండ్లలో, వివాహమే రక్షణయను మాటకు విలువ యెంత? జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీవారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రివంటి వైద్యశాలలకు శతాబ్దమునకు పైబడిన చరిత్ర కలదు. బడిలో పలుకరాని మాటలు ఆసుపత్రిలో పలుకక తప్పదు. అచ్చట వానిని మొదటిసారిగా వినునట్టి స్త్రీ రోగిగా వినుచున్నది, విద్యార్థినిగా కాదు.

మాటల లేమి

ఋష్యశృంగుని కొఱత మాటల కొఱత యని పైన చెప్పితిమి. నేటి తెలుగునకును ఆ కొఱత కలదు. దేహమును గూర్చి మాటాడుటకు మనకు రెండే వరుసలు మిగిలినవి: ఒకటి పరీక్షకై వల్లెవేయు సంస్కృతపదముల వరుస, మఱియొకటి వీధిలో తిట్టుగా వినబడు బూతుల వరుస. నడుమనున్న గౌరవప్రదమైన వాడుకమాట అరుదైనది. ఉన్న కొన్ని మాటలు చాటుమాటలు. ముట్టును బయటనుండుట యందురు, దూరముండుట యందురు; గర్భము నిలుచుటను నీళ్ళోసికొనుట యందురు. ఇవి అందమైన పలుకుబడులే. కాని చాటుమాట ఎఱిగినవారి నడుమ మర్యాదకు పనికివచ్చును; ఎఱుగనివారికి ఎఱుక కలిగించుటకు పనికిరాదు.

పూర్వము ఈ పని కొంతవఱకు పాటలు చేసినవి. సమర్తపాటలు, నలుగుపాటలు, తలుపుదగ్గఱి పాటలు, వదినెమఱదండ్ర సరసములు స్త్రీలలో తరమునుండి తరమునకు ఒక విధమైన దేహజ్ఞానమును అందించుచుండెను. అందు శాస్త్రము లేదు. అంగీకారమును గూర్చిన విచారమును తక్కువ. అయినను మౌనము మాత్రము లేదు. నేడు ఆ పాటలు మాసిపోవుచున్నవి. బాలిక పెద్దమనిషి యైనపుడు ఆహ్వానపత్రికలు అచ్చువేయించి, కల్యాణమండపములో ఓణీల వేడుక చేయుచున్నారు. ఊరంతటికిని తెలిసిన ఆ విషయమున, తన దేహములో జరిగినదేమో ఆ బాలికకు విప్పిచెప్పువారు తఱచు ఉండరు. చాటింపు మిగిలినది, బోధ పోయినది.

అచ్చు వచ్చిన పిదప మౌనము చట్టరూపమును కూడ దాల్చినది. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటింపగా, ఆంగ్లప్రభుత్వము మఱుసటి యేడు దానిని నిషేధించెను. స్త్రీ వ్రాసినది, స్త్రీ పరిష్కరించినది యగు శృంగారకావ్యము శిక్షకు పాత్రమైనది. పురుషులు వ్రాసిన ప్రబంధములు గౌరవస్థానమున నిలిచినవి. ఎవరికి తెలియవచ్చును, ఎవరు పలుకవచ్చును అను ప్రశ్నయే ఆనాటి వివాదమునకు మూలము. మన తరగతిగదిలోని మౌనమునకును అదే మూలము.

మౌనమున్నచోట ప్రశ్న చావదు, దారి మార్చును. విజయవాడ వైద్యులు డాక్టరు సమరముగారు వారపత్రికలో నడపిన ప్రశ్నోత్తరములకు లభించిన ఆదరణ దీనికి నిదర్శనము. ఇంటిలోను, బడిలోను అడుగలేని ప్రశ్నను జనులు పత్రికకు వ్రాసికొనిరి. నేటి బాలుడు చేతిలోని ఫోనును అడుగుచున్నాడు. అది చూపు దృశ్యములకు విలువలు లేవు, బాధ్యత లేదు. బడి మూసిన తలుపు వలన బాలుడు అజ్ఞానియై యుండుట లేదు. చెడ్డగురువు చేతిలో పడుచున్నాడు.

ఆక్షేపములు, సమాధానములు

తెలిపినచో ప్రేరేపించినట్లు కాదా యనునది ప్రధానాక్షేపము. దీనికి అనుభవమే సమాధానము. అమెరికాలో 1996 నాటి చట్టముతో సంయమబోధకు మాత్రమే పెద్దయెత్తున ప్రభుత్వధనము కేటాయింపబడెను. ఆ కార్యక్రమములపై ప్రభుత్వమే చేయించిన పరిశీలనము 2007లో వెలువడెను. ఆ బోధ పొందినవారికిని, పొందనివారికిని ఆచరణలో భేదము కానరాలేదు. వివాహమువఱకు ఆగుదుమని ప్రతిజ్ఞ చేసిన యువజనులపై జరిగిన పరిశోధనలలో కొందఱు కొంతకాలము ఆగినట్లు తేలెను. ఆ మేలును ఒప్పుకొనవలెను. కాని ప్రతిజ్ఞ తప్పినపుడు వారు రక్షణసాధనములను తక్కువగా వాడిరని కూడ తేలెను. మఱియొక ప్రక్క, సమగ్రమైన బోధ కౌమారవయస్కులను తొందరపెట్టుట లేదని 2018లో సవరించిన యునెస్కో మార్గదర్శకములు అనేక పరిశోధనలను సమీక్షించి తేల్చినవి.

గాంధీజీ సంయమమునే బోధింపలేదా యని మఱియొక ఆక్షేపము. బోధించెను. 1935 డిసెంబరులో వార్ధాకు వచ్చిన మార్గరెట్ సాంగర్‌తో ఆయన గర్భనిరోధకసాధనములను అంగీకరింపక వాదించెను. కాని ఆయన సంయమము వివాహముతో ముగియునది కాదు. భర్తకే ముందుగా విధింపబడినది. వివాహముతో విధి ముగిసినదను నేటి నినాదమునకు ఆయనను సాక్షిగా పిలుచుట న్యాయము కాదు.

ప్రొద్దుటూరువారికి ఈ వివాదమును తలపింపజేయు పేరు ఊరిలోనే కలదు. అచ్చటి పురపాలక ఉన్నతపాఠశాల అనిబిసెంటు పేర వెలసినది. ఆ అనిబిసెంటు 1877లో గర్భనిరోధమును గూర్చిన చిన్నపుస్తకమును చార్లెస్ బ్రాడ్లాతో కలిసి ప్రకటించినందుకు లండనులో విచారణకు గుఱియైనది. ఆ పిదప కన్నకూతురిని తన సంరక్షణలో ఉంచుకొను హక్కును కోల్పోయినది. దివ్యజ్ఞానసమాజమున చేరిన తరువాత ఆమెయే ఆ పక్షమును వీడి ఆత్మసంయమమును ఆదరించినది. ఆమె తొలి మతము సరియైనదా, మలి మతము సరియైనదా యను చర్చ యిక్కడ అక్కఱలేదు. రెండు మతములను ఆమె తెలిసియే అవలంబించినదని గమనించిన చాలును. తెలిసి ఎన్నుకొను ఆ స్వాతంత్ర్యమును ఆమె పేరుగల బడిలోని పిల్లలకు మాత్రము ఎందుకు నిరాకరింపవలెను?

ఉపసంహారము

పై విచారణవలన తేలినది ఇది. సంయమము విలువ, అది పాఠ్యప్రణాళిక కాదు. విలువను నేర్పుటకు ఎఱుక కావలెను, మాట కావలెను, ప్రశ్నింపగల చనువు కావలెను. ఆగుమని చెప్పుటలో తప్పు లేదు. ఆగుటకు కారణమును, ఆగనిచోట రక్షణను, ఆగనీయని పరులనుండి తప్పించుకొను మార్గమును చెప్పకపోవుటలో తప్పు కలదు. లైంగికవిద్య పాశ్చాత్యభావన యనియు, అది విశృంఖలతను పెంచుననియు గల అపోహను సుప్రీంకోర్టు 2024లో ఒక తీర్పునందు ఖండించి, సమగ్రమైన లైంగికవిద్య అవసరమును చెప్పియున్నది. ఇక మిగిలినది తరగతిగదియే.

అందు తెలుగు ఉపాధ్యాయుని పాలు చిన్నది కాదు. ఋష్యశృంగుని కథను దాటవేయక చెప్పవచ్చును. ఆ తండ్రి చేసిన పొరపాటేమని పిల్లలనే అడుగవచ్చును. ప్రవరుని ధైర్యముతోపాటు వరూధినికి జరిగిన మోసమును కూడ చర్చింపవచ్చును. పరిశోధకవిద్యార్థులు ఈ మూడు ఊళ్ళ పరిసరములందలి సమర్తపాటలను, దేహసంబంధమైన పలుకుబడులను సేకరించి, వానిలో పాఠములకు తగిన గౌరవప్రదమైన మాటలేవో నిర్ణయింపవచ్చును. వైద్యుడు వ్రాయు పాఠమునకు తెలుగు మాట నిచ్చువారు తెలుగువారే కావలెను కదా. విభాండకునికి శాస్త్రజ్ఞానము కొఱవడలేదు, పుత్రప్రేమ కొఱవడలేదు. కొఱవడినది ఒక్క మాట. ఆ మాటను ఇచ్చు భారము మన శాఖలది.